చేతిలోని పనిముట్టు, మెడమీది కాడి



సెల్‌ఫోను పట్టుకొనుట పాపమా అను ప్రశ్న ఇప్పుడు మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద కూర్చున్న పెద్దలు దీనిని గూర్చి రెండు విధములుగా మాటలాడుదురు. ఇది సాతాను పెట్టె, దీనిని ఇంటిలోనికి రానిచ్చిననాడే ప్రార్థన బయటికి పోయినదని కొందరందురు. కొడవలివలె ఇదియు ఒక పనిముట్టే, కోత కోయువానికి కూడు పెట్టును, అజాగ్రత్తగా నుండువాని వ్రేలు కోయును, తప్పు పనిముట్టుది కాదని మరికొందరందురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము లేకపోలేదు. అయినను రెండును మనలను తొందరగా విడిచిపెట్టు సమాధానములే. మొదటిది నేరమంతయు వస్తువుమీద మోపి మన హృదయమును శోధింపనియ్యదు. రెండవది ఆ వస్తువునే శోధింపనియ్యదు. గనుక ఈ నెల మనము రెంటిని శోధించి చూతము.

మొదట దీనివలన కలిగిన మేలును కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను. గల్ఫు దేశములకు కూలికి పోయిన కుమారుని ముఖము తల్లి ఆదివారమున చూడగలుగుచున్నది. వాన సూచన, మిర్చి ధర, పొలము అడంగలు, బ్యాంకు లెక్క అన్నియు అరచేతిలోనికి వచ్చినవి. ఆశా కార్యకర్తకు తన పని సగము ఫోనులోనే యున్నది. చూపు మందగించిన వృద్ధురాలు దేవుని వాక్యమును చెవితో వినుచున్నది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన పిమ్మట డేటా వెల మిక్కిలి తగ్గి, ఒకప్పుడు కలిగినవారికే యున్న ఈ సౌకర్యము పూరిల్లులోనికి కూడ ప్రవేశించెను. ఇట్టి దానిని పాపమని త్రోసివేయుట కృతఘ్నతయే యగును.

అయితే కొడవలికిని దీనికిని ఒక భేదము కలదు. పని ముగిసిన తరువాత కొడవలిని చూరులో చెక్కుదుము. మరల మనము వెళ్లి తీయువరకు అది అక్కడనే యుండును. అర్ధరాత్రి అది మనలను పేరుపెట్టి పిలువదు. ప్రక్కింటివాడు నీ కొడవలిని మెచ్చుకొనెనని మనకు కబురంపదు. ఫోను ఆలాగు కాదు. అది పిలుచును, మనము పలుకకున్న మరల పిలుచును. ఏలయనగా దాని పిడి ఒక ప్రక్క మన చేతిలో నున్నను, మరియొక ప్రక్క మనమెరుగని వారి చేతిలో నున్నది.

ఇది ఊహ కాదు. దాని చరిత్రను కొంచెము చూడుడి. పుస్తకమునకైనను వార్తాపత్రికకైనను ఒక పుట చివర కలదు. పుట త్రిప్పునప్పుడు ఇక చాలునా అని మనస్సు తన్ను తాను అడుగుకొనుటకు క్షణమాత్రము సందు దొరకును. 2006లో ఆజా రాస్కిన్ అను అమెరికా దేశపు రూపకర్త, తెరమీది వ్రాతలు క్రిందికి జరుపుకొలది అంతము లేకుండ వచ్చునట్టి ఏర్పాటు చేసెను. చదువరికి శ్రమ తగ్గించుటయే అందలి ఉద్దేశము. అయితే ఆ సందు పోయినది. చాలునా అని అడుగు స్థలమే లేకపోయినది. తన పని ఇట్టి ఫలము ఫలించినందుకు ఆయనయే 2018లో బహిరంగముగా విచారము తెలిపెను. 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్కు ఇష్టమును తెలుపు లైకు గుర్తును ప్రవేశపెట్టెను. దానితో మన మాటను ఎందరు మెచ్చిరో లెక్కించుకొను అలవాటు సామాన్య జనులకు కూడ అబ్బెను.

అంతకు చాల పూర్వమే, 1957లో, ఫెర్‌స్టర్ స్కిన్నర్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పావురములమీద చేసిన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించిరి. పావురము ఒక మీటను పొడిచిన ప్రతిసారి గింజ దొరకినయెడల, ఆకలి తీరగానే అది మానును. గింజలు నిలిపివేసిన త్వరలోనే పొడుచుట విడుచును. అయితే గింజ ఎప్పుడు పడునో తెలియకుండ, ఒకసారి మూడు పోట్లకు, ఒకసారి ముప్పది పోట్లకు పడినయెడల, ఆ పక్షి విసుగులేక పొడుచుచునే యుండును. గింజలు నిలిచిపోయినను చాలసేపు మానదు. జూదగాండ్రు నష్టపోవుచును లేవలేకపోవుట ఇందువలననే. ఫోను తెరను క్రిందికి లాగి వదలునప్పుడు మనము చేయుచున్నది కూడ ఇట్టిదే. ఒకసారి ఏమియు ఉండదు. ఒకసారి మనుమని ఫొటో యుండును. ఆ ఒక్కదాని ఆశతో తక్కిన ఇరువది సార్లు చేయి దానంతట అదే జేబులోనికి పోవును.

ఇందువలన ఎవరికి లాభము? మనము ఈ యాప్‌లలో అనేకమునకు వెల చెల్లింపము. అయినను వాటిని నడుపువారు గొప్ప ధనవంతులైరి. వారు ప్రకటనలు చూపి సంపాదింతురు, ప్రకటన చూచుటకు కన్నులు కావలెను. హెర్బర్ట్ సైమన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు 1971లోనే హెచ్చరించెను: వార్తలు సమృద్ధియైన కాలమున కరవగునది మనుష్యుని ధ్యాసయే. మన చేలో పండినదానిని తూచి అమ్ముదుము, కాని మన ధ్యాసను తూకము లేకయే, వెల అడుగకయే అమ్మివేయుచున్నాము.

ఇక్కడ కఠినమైన ప్రశ్న యొకటి ఎదురగును. ఎర అంత నేర్పుగా సిద్ధపరచబడినయెడల, చేపను నిందించుట న్యాయమా? పట్టుబడినవాడు దోషియా, బాధితుడా?

దేవుని వాక్యము ఇందులో ఎవరిని విడిచిపెట్టదు. మత్తయి సువార్త 18వ అధ్యాయములో, చిన్నవారికి అభ్యంతరములు ఎవనివలన వచ్చునో వానికి శ్రమ యని మన ప్రభువు గట్టిగా పలికెను. గనుక లాభము కొరకు పసిపిల్లల నిద్రను దోచుకొనువారు దేవుని యెదుట లెక్క అప్పగింపవలసినవారే. అయితే యాకోబు తన పత్రిక 1వ అధ్యాయములో, ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేతనే ఈడ్వబడుచున్నాడని బోధించుచున్నాడు. ఆ చోట అతడు వాడిన గ్రీకు మాట చేపకు వేయు ఎరనుండి పుట్టినది. ఎర వేసినవాడు వేరు. నోరు తెరచినది మాత్రము మనమే. ఏదెనులో సర్పమునకు శాపము వచ్చినదని ఆదాము హవ్వలను దేవుడు ప్రశ్నింపక మానలేదు గదా.

అట్లయిన మనలోని ఏ ఆకలి నోరు తెరచుచున్నది? ఎక్కువమందికి అది చెడు వాంఛ కాదు. అది విసుగు. అది ఒంటరితనము. బోరు మోటారుకు కరెంటు వచ్చువరకు గట్టుమీద కూర్చున్న రాత్రివేళ ఏమియు తోచకుండుట. భర్త మాటలాడని ఇంటిలో భార్య పడు మౌనము. ఈ ఆకలి ఫోనుతో పుట్టినది కాదు. క్రీ.శ. 4వ శతాబ్దపు చివర ఐగుప్తు అరణ్యములో నివసించిన ఎవాగ్రియుస్ అను సన్న్యాసి, ప్రార్థించువారిని మధ్యాహ్నవేళ పట్టు ఒక విధమైన నిరుత్సాహమును గూర్చి వ్రాసెను. ప్రొద్దు కదలనట్లు తోచునట. మాటిమాటికి కిటికీ వైపు చూడబుద్ధి పుట్టునట. భోజన సమయమునకు ఇంకెంత కలదో అని సూర్యుని చూచుట, ఎవరైన సహోదరుడు వచ్చుచున్నాడేమో అని తొంగి చూచుట, చేతిలోని పనిమీద రోత పుట్టుట, ఇవి దాని లక్షణములు. ఆయనకు ఫోను లేదు, కిటికీ యున్నది. మనకు కిటికీ జేబులో నున్నది. అంతే భేదము.

కావున ఫోనును బావిలో పారవేసిన మాత్రమున పని ముగియదు. అపవిత్రాత్మ వెళ్లిపోయిన యింటిని ఊడ్చి అలంకరించి ఖాళీగా విడిచిన ఏమగునో ప్రభువు మత్తయి 12వ అధ్యాయములో చెప్పియున్నాడు. ఖాళీ యిల్లు ఎక్కువ కాలము ఖాళీగా నుండదు.

మరి దృఢ సంకల్పము చాలునా? అగస్టీను క్రీ.శ. 400 ప్రాంతమున వ్రాసిన తన ఒప్పుకోలు గ్రంథములో స్నేహితుడైన అలీపియుస్ కథను చెప్పుచున్నాడు. మనుష్యులు ఒకరినొకరు చంపుకొను క్రూరమైన ఆటలను అలీపియుస్ అసహ్యించుకొనెడివాడు. రోమా పట్టణములో స్నేహితులు అతనిని బలవంతముగా ఆ ఆటస్థలమునకు లాగుకొనిపోయిరి. నా దేహము నిక్కడ కూర్చుండబెట్టినను నేను చూడనని అతడు కన్నులు మూసికొనెను. ఇంతలో జనులందరు పెద్ద కేక వేసిరి. ఏమి జరిగెనో ఒక్కసారి చూచి తిరస్కరింతునని కన్నులు తెరచెను. అంతట అతడు ఆ ఆటకు చిక్కిపోయి, పిమ్మట ఇతరులను కూడ తీసికొనిపోవువాడాయెను. అతడు కన్నులు మూసెను గాని చెవులు మూయలేదని అగస్టీను విచారించుచు, దేవునిమీద గాక తనమీద తాను ఆనుకొనుటయే అతని పతనమునకు మూలమని గ్రహించెను. అయినను దేవుడు అతనిని విడువలేదు; తరువాతి కాలమున అతడు సంఘాధ్యక్షుడైనాడు.

ఈ కథ మన చేతిలోని వస్తువునకు ఎంత సరిపోవును! కన్నులు మూసికొని కూర్చుందుము, ఒక టింగుమను శబ్దము వినబడును, ఒక్కసారి చూచి పెట్టివేయుదమని తెరతుము, గంట గడచును.

ఇట్టి చోట్ల ధర్మశాస్త్రము మనకు ఒక జ్ఞానమును నేర్పుచున్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ కలదు. మిద్దెమీద జాగ్రత్తగా నడువుడని చెప్పి ఊరకుండవచ్చును గదా? దేవుడు అట్లు చెప్పలేదు. జాగ్రత్తపరుడు కూడ చీకటిలో తప్పటడుగు వేయునని ఆయన ఎరుగును. కాబట్టి పడుటకు ముందే గోడ కట్టుమనెను. ఇది విశ్వాసలోపము కాదు, వినయము. మన బలహీనతను మనమెరిగియున్నామని దేవుని యెదుట ఒప్పుకొనుటయే.

అట్టి పిట్టగోడలు కొన్ని ఇక్కడ చెప్పుచున్నాము. మొదటిది చెవులకు గోడ. మనుష్యులు పిలుచు పిలుపు వేరు, యంత్రము పిలుచు పిలుపు వేరు. ఫోను సెట్టింగులలో ఏ యాప్ మనకు నోటిఫికేషను పంపవచ్చునో మనమే నిర్ణయింపవచ్చును. కాల్సును, ఇంటివారి సందేశములను, బ్యాంకు కబురులను ఉండనిచ్చి, తక్కినవాటి నోరు మూయవలెను. వాటితో మనకు పని కలిగినప్పుడు మనమే వెళ్లుదుము.

రెండవది స్థలము. ఎద్దులకు కొట్టము కలదు, నాగలికి మూల కలదు. ఫోనుకు కూడ ఒక చోటు నియమించుడి. అది పడక మాత్రము కాకూడదు. తెల్లవారి లేచుటకు గంట కావలెననువారు చిన్న అలారము గడియారము కొనుక్కొనుడి. మార్కు సువార్త 1వ అధ్యాయములో, ఊరంతయు తన్ను వెదకుచున్న దినములలోనే మన ప్రభువు పెందలకడ లేచి అరణ్య ప్రదేశమునకు ప్రార్థింప వెళ్లెను. తనను వెదకువారి కంటె ముందు తండ్రిని కలిసికొనెను.

మూడవది ఒక్క ఊపిరి. నెహెమ్యా గ్రంథము 2వ అధ్యాయములో, రాజు ప్రశ్నవేసిన తరువాత, తాను ఉత్తరమిచ్చుటకు ముందు, నెహెమ్యా ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసెను. ఎంతసేపు? రాజు కనిపెట్టలేనంత కొంచెము సేపు. తెర తెరచుటకు ముందు మనము కూడ ఆలాగే నిలిచి, నేను ఏ పని మీద వచ్చితిని అని అడుగుకొనవలెను. పనియుండిన తెరచి, పని ముగిసిన వెంటనే మూయవలెను. పనిలేనియెడల చేయి వెనుకకు తీసికొనవలెను. అంతము లేని తెర దొంగిలించిన ఆ సందును మరల మనము కట్టుకొనుట ఇదియే.

నాలుగవది లెక్క. 2018 మొదలుకొని గూగులు వారి డిజిటల్ వెల్‌బీయింగ్ అను ఏర్పాటును, ఆపిల్ వారి స్క్రీన్ టైమ్ అను ఏర్పాటును ఫోనులలోనికి వచ్చినవి. ఏ యాప్‌లో ఎన్ని గంటలు గడిపితిమో అది చూపును. ఒక్కొక్క యాప్‌కు దినమునకు ఇంత సమయమని హద్దు కూడ పెట్టవచ్చును. శనివారము సాయంకాలము కుటుంబ ప్రార్థనకు ముందు ఇంటివారందరు ఆ లెక్కను చూచుకొనుడి. పిల్లలను గద్దించుటకు కాదు, పెద్దలు మొదట తమ లెక్కను చూపుటకు. పని యాప్‌లను ముందు తెరమీద ఉంచి, ఊరక లాగునట్టివాటిని వెనుకకు పంపుడి. నెల దినములు తాకకున్నను నష్టము లేనివాటిని తీసివేయుడి.

వార్తల విషయములో మన్నా పాఠము జ్ఞాపకముంచుకొనుట మంచిది. నిర్గమకాండము 16వ అధ్యాయములో ఆ దినమునకు చాలినంత కూర్చుకొనినవారు భుజించి తృప్తినొందిరి. ఆజ్ఞ మీరి మరునాటికి మిగిల్చినవారి మన్నా పురుగుపట్టి కంపు కొట్టెను. లోకములోని ప్రతి అగ్నిప్రమాదమును, ప్రతి తగవును రాత్రి పండ్రెండు గంటలవరకు కూర్చుకొనినవాని మనస్సు కూడ అట్లే పులియును. నిజమో కాదో తెలియని సందేశమును పదిమందికి పంపుట అందులోనుండి వచ్చు కంపే.

ఇక్కడ ఒక యౌవనుడు మమ్మును అడుగవచ్చును: అయ్యా, దినమంతయు ఎండలో ఇటుకలు మోసి వచ్చితిని. రాత్రి అరగంట నవ్వు పుట్టించు వీడియోలు చూచినయెడల మీకేమి? ఈ ప్రశ్న న్యాయమైనది. కష్టజీవి విశ్రాంతిమీద కన్నువేయుట క్రైస్తవుని పని కాదు. మార్కు 6వ అధ్యాయములో ప్రభువు తానే శిష్యులను ఏకాంతముగా వచ్చి అలసట తీర్చుకొనుడని పిలిచెను. అయితే, తమ్ముడా, నీవే పరీక్షించుకొనుము. ఆ అరగంట అరగంటగానే యున్నదా? లేచునప్పుడు దేహము తేలికపడినదా, కన్నులు మండుచున్నవా? విశ్రాంతికిని మత్తుకును ఇదియే గురుతు. విశ్రాంతి మనలను రేపటి పనికి తిరిగి ఇచ్చును. మత్తు రేపటి బలమును నేడే తినివేయును. విశ్రాంతియైనయెడల కృతజ్ఞతతో అనుభవింపుము.

మన పిల్లల సంగతి ఇంకను గంభీరమైనది. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుని మాటలను మన కుమారులకు నేర్పవలసిన నాలుగు సమయములు చెప్పబడినవి: ఇంట కూర్చుండునప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఇప్పుడు ఫోను మన యిండ్లలో ఏ సమయములను పట్టుకొనియున్నదో చూడుడి. సరిగా ఆ నాలుగే. ఇంట కూర్చుండి చూచుచున్నాము, త్రోవను నడుచుచు చూచుచున్నాము, పండుకొని చూచుచున్నాము, లేవగానే చూచుచున్నాము. ఫోను మన బైబిలును దొంగిలించలేదు, అది బీరువామీద భద్రముగానే యున్నది. బైబిలు మన పిల్లల హృదయములలోనికి దిగిపోవు వేళలను దొంగిలించినది. అన్నము తినిపించుచు తల్లి బిడ్డ చేతికి తెర ఇచ్చునప్పుడు అన్నము కడుపులోనికి పోవును, నిజమే; కాని ఆ ముద్దతోకూడ పోవలసిన కథ, పాట, తల్లి చూపు పోవు.

ఆ నాలుగు వేళలలో ఒక్కదానినైనను ఈ నెల తిరిగి తెచ్చుకొందము. ఏది సులభమో దానితోనే ఆరంభించుడి. రాత్రి భోజనము తరువాత ఫోనులన్నియు ఒక బుట్టలో పెట్టి, ఒక కీర్తన పాడి, ఆ దినము ఎవరికి ఏమి జరిగెనో చెప్పుకొనుడి. మొదటి మూడు రాత్రులు మాటలు దొరకకపోవచ్చును. మౌనమునకు భయపడకుడి. దున్నని చేను మొదటి సాలులో బిగుసుకొనియే యుండును. ఆరాధనలో ఫోనులోని బైబిలు చదువువారు డేటా నిలిపివేసికొనుడి, లేదా అచ్చు బైబిలును వెంట తెచ్చుకొనుడి. సంఘ కాపరులును ఉపదేశులును ఇందులో ముందు నడువవలెను.

చివరకు మొదటి ప్రశ్నకే వత్తము. సెల్‌ఫోను పట్టుకొనుట పాపమా? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు ఇట్టి ప్రశ్నలకు ఒక కొలతను ఇచ్చెను. నాకు అధికారము కలదా అని మాత్రమే గాక, ఇది నాకు మేలుకరమా, నేను దీనికి లోబడుదునా అని అతడు అడిగెను. గనుక వస్తువు పాపమా అను ప్రశ్నకు బదులుగా మనమడుగవలసినది, నేను ఎవరి కాడి మోయుచున్నాను అనునదే. ఎద్దు తన కాడిని తాను ఎన్నుకొనలేదు. మనుష్యుడు ఎన్నుకొనగలడు. అతని ఘనతయు, అతని అపాయమును అందులోనే యున్నవి. ప్రయాసపడి భారము మోయువారిని తనయొద్దకు పిలిచి, తన కాడి సుళువైనదని చెప్పినవాడు మనలను విసుగుకును ఒంటరితనమునకును అప్పగించి పోలేదు. మన చేయి తెలియకయే జేబులోనికి పోవు ఆ ఖాళీ క్షణములోనే ఆయన తలుపునొద్ద నిలిచియున్నాడు.

ఒక వారము బాగుగా నడిచి, మరుసటి వారము తప్పిపోయినవారు నిరాశపడకుడి. గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆశానిగ్రహము ఆత్మఫలములలో ఎంచబడినది. ఫలము ఒక్క రాత్రిలో పండదు. మొక్క వాలిన రైతు చేనును విడిచిపోడు, కట్టె పాతి కట్టి, నీళ్లు పెట్టును. అట్లే ఒకరి కొకరము కట్టెగా నిలుతము.

మన కన్నులను చెవులను చేతులను కలుగజేసిన దేవుడు వాటిని మరల తన పనికి, మన యింటివారి ప్రేమకు తిప్పును గాక. ఆమేన్.